విండోస్ 10కి ఒక చిన్న గొళ్లెం: ఇన్‌కంట్రోల్ వాడి చూశాక

ఇంట్లోని కంప్యూటరు విండోస్ 10 మీదే ఉండాలి, నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్లు మాత్రం ఆగకూడదు, మనం పిలవకుండా విండోస్ 11 వచ్చి కూర్చోకూడదు అని కోరుకునేవారికి ఇన్‌కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రాము చక్కగా పనికొస్తుంది. అమెరికాలోని గిబ్సన్ రీసెర్చ్ కార్పొరేషన్ తరఫున స్టీవ్ గిబ్సన్ తయారుచేసిన ఈ ప్రోగ్రామును తెనాలిలో మా పెదనాన్నగారి కంప్యూటరులో పెట్టి ఏడాది దాటింది. ఈ ఏడాదిలో దాని మేలూ, దాని హద్దులూ రెండూ తెలిసివచ్చాయి కాబట్టి, ఇదే అవసరం ఉన్నవారి కోసం కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందుగా ఆ కంప్యూటరు సంగతి చెప్పాలి. 2019లో కొన్న డెస్క్‌టాప్, ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, తిరిగే పాతకాలపు హార్డ్ డిస్క్, విండోస్ 10 హోమ్ ఎడిషన్. పెదనాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. ఊళ్లో ఎవరింట్లో షష్టిపూర్తి జరిగినా, గుడిలో ఉత్సవం జరిగినా కరపత్రమో, చిన్న పుస్తకమో ఆయనే కూర్చి ఇస్తారు. పుటలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు అక్షరాల కోసం అను ఫాంట్లు ఆయన సరంజామా. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ దానికి కొత్త వెర్షన్ తేలేదు. అను ఫాంట్లలో కొట్టిన పాఠం, ఇప్పుడు అన్ని యంత్రాలూ గుర్తించే యూనికోడ్ పద్ధతిది కాదు. ఇంగ్లీషు అక్షరాల చోట్లలోనే తెలుగు రూపాలను అమర్చిన ఏర్పాటు అది. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే శ్రీరస్తు, శుభమస్తు ఉండవలసిన చోట అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ, గుర్తులూ వరుసగా కనబడతాయి. డీటీపీ చేసినవారెవరికీ దీన్ని వేరే చెప్పనక్కరలేదు. పదిహేనేళ్ల ఫైళ్లు అలాంటి సరంజామా మీద నిలబడి ఉన్నప్పుడు, కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఒక రాత్రికి రాత్రి మారిపోవడం ఎవరికీ నచ్చదు. మారితే అన్నీ చెడిపోతాయని నేను అనడం లేదు. మార్చే రోజు, బ్యాకప్ తీసుకునే తీరిక, పక్కన సాయానికి ఒక మనిషి, ఇవన్నీ మనం ఎంచుకున్నట్టు కుదరాలి అంటున్నాను.

సరిగ్గా ఈ యంత్రమే విండోస్ 11కి అర్హత ఉన్న యంత్రం కావడం ఇక్కడి చిక్కు. 2021 అక్టోబరు 5న విడుదలైన విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, సెక్యూర్ బూట్ (నమ్మకమైన వ్యవస్థనే మొదలవనిచ్చే ఏర్పాటు) చేయగల యూఈఎఫ్ఐ అనే యంత్రాన్ని లేపే ప్రోగ్రాము, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఆపైన ఉండాలి. ఆరో తరం, ఏడో తరం యంత్రాల వారికి ఆ ఆహ్వానమే రాదు కాబట్టి ఈ బెంగా లేదు. అర్హత ఉన్నవారికి మాత్రం విండోస్ అప్‌డేట్ పేజీ తెరవగానే విండోస్ 11 సిద్ధంగా ఉందని పెద్ద గడి, అందులో ప్రస్ఫుటంగా 'డౌన్‌లోడ్ అండ్ ఇన్‌స్టాల్' బటన్, దాని పక్కన ప్రస్తుతానికి విండోస్ 10లోనే ఉంటానని చెప్పే వెలిసిపోయిన చిన్న లింకు కనబడతాయి. డెబ్బై దాటిన మనిషి, కళ్లజోడు మార్చుకుంటూ, ఏ బటన్ నొక్కుతాడో ఊహించడం కష్టం కాదు. ఒకరోజు ఫోనులో పెదనాన్నగారు, "ఏమే అమ్మాయ్, ఇది నా కంప్యూటరేనా, వాళ్లదా? రోజుకోసారి ఇల్లు మారతావా అని అడుగుతుందేమిటి?" అన్నారు. నేను ఈ ప్రోగ్రాము కోసం వెతకడం ఆ రోజు మొదలైంది.

గిబ్సన్‌కు ఈ పని కొత్త కాదు. 2015 జులై 29న విండోస్ 10 వచ్చినప్పుడు, విండోస్ 7, 8.1 వాడుతున్నవారికి దాన్ని ఏడాదిపాటు ఉచితంగా ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆ ఆహ్వానాన్ని మోసుకొచ్చింది కేబీ3035583 అనే అప్‌డేట్. గడియారం పక్కన తెల్లని విండోస్ గుర్తుగా చేరి, రోజూ పలకరించేది. చాలామంది కంప్యూటర్లలో వాళ్లు ఒప్పుకోకముందే కొన్ని జీబీల ఇన్‌స్టాలేషన్ ఫైళ్లు దాచిన ఫోల్డరులోకి దిగిపోయేవి. 2016 ఫిబ్రవరిలో ఆ అప్‌గ్రేడ్‌ను 'సిఫారసు చేసిన అప్‌డేట్ల' జాబితాలో చేర్చారు. అదే ఏడాది మే నెలలో, కిటికీ మూలనున్న ఎర్రని ఇంటూ గుర్తు నొక్కి మూసేసినా అప్‌గ్రేడ్ ముహూర్తం రద్దు కాకుండా అలాగే నిలిచి ఉండేది. ఇంటూ గుర్తు నొక్కడమంటే 'వద్దు' అనడమే అని నమ్మి ఇరవయ్యేళ్లుగా కంప్యూటరు వాడుతున్న జనానికి అది మింగుడుపడలేదు. కాలిఫోర్నియాలోని సాసలీటోలో ట్రావెల్ ఏజెన్సీ నడుపుకునే ఒక మహిళ, తన అనుమతి లేకుండా మొదలైన అప్‌గ్రేడ్ వల్ల పని ఆగిపోయిందని చిన్న వ్యాజ్యాల కోర్టుకు వెళ్లి 10,000 డాలర్లు గెలుచుకున్నారు. మైక్రోసాఫ్ట్ అప్పీలును వదులుకుంది. ఆ ఏడాది చివర్లో కంపెనీ మార్కెటింగ్ అధిపతి క్రిస్ కపొసెలా ఆ విషయంలో తాము హద్దు దాటామని బహిరంగంగానే ఒప్పుకున్నారు.

ఆ గొడవల మధ్య 2016లో గిబ్సన్ 'నెవర్10' అనే బుల్లి ప్రోగ్రాము విడుదల చేశారు. మైక్రోసాఫ్ట్ తనంతట తాను పెద్ద ఆఫీసుల కోసం ఇచ్చిన నిలుపుదల సెట్టింగులనే ఇంటి కంప్యూటరులో ఒక్క బటన్‌తో రాయడం దాని పని. ఇన్‌కంట్రోల్ దానికి వారసురాలు. పద్ధతి అదే, కాలమే విండోస్ 11ది.

ఇక వాడకం. దీన్ని గిబ్సన్ సొంత సైటు జీఆర్‌సీ డాట్ కామ్ నుంచి మాత్రమే దించుకోవాలి. ఇదే పేరుతో మరెక్కడో కనబడే ఫైళ్ల జోలికి పోవద్దు. వచ్చేది ఒక్క ఫైలు, ఫోనుతో తీసిన ఒక్క ఫొటో కంటే చాలా చిన్నది. ఇన్‌స్టాల్ చేయడమనే తతంగం లేదు. దాన్ని రెండుసార్లు నొక్కగానే అనుమతి అడిగే తెర వస్తుంది. అందులో ప్రచురణకర్త పేరు గిబ్సన్ రీసెర్చ్ కార్పొరేషన్ అని ఉందో లేదో చూసుకుని అప్పుడే 'యెస్' అనాలి. లోపల రెండు గడులు ఉంటాయి. ఒకదానిలో విండోస్ వెర్షన్, మరొకదానిలో రిలీజ్, అంటే ఆ వెర్షన్‌లో విడతలుగా వచ్చే కూర్పు. మా యంత్రంలో మొదటిది 10, రెండోది 22హెచ్2. 22హెచ్2 అనేది విండోస్ 10కి వచ్చిన చివరి రిలీజ్ కాబట్టి దాన్ని మార్చవలసిన పని పడలేదు. 'టేక్ కంట్రోల్' అనే బటన్ నొక్కాను. అంతే. ఎప్పుడైనా మనసు మారితే 'రిలీజ్ కంట్రోల్' నొక్కి గొళ్లెం తీసేయవచ్చు. బటన్ నొక్కాక ఆ ప్రోగ్రాము వెనకాల నడుస్తూ ఉండదు, స్టార్టప్‌లో చేరదు, గడియారం పక్కన కాపురం పెట్టదు. ఫైలును తుడిచేసినా రాసిన సెట్టింగు అలాగే ఉంటుంది.

రాసినదేమిటో చూడాలనిపించి, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీని చూపే ఎడిటరు తెరిచాను. లోకల్ మెషీన్ శాఖలో, సాఫ్ట్‌వేర్ కింద పాలసీస్, దాని కింద మైక్రోసాఫ్ట్, విండోస్, విండోస్ అప్‌డేట్ అని దిగుతూ పోతే అక్కడ ముఖ్యంగా మూడు పద్దులు కనబడ్డాయి: లక్ష్య రిలీజ్ ఒకటి ఉంది అని చెప్పే 1 అంకె, ఆ రిలీజ్ 22హెచ్2 అని చెప్పే అక్షరాలు, ఉత్పత్తి విండోస్ 10 అని చెప్పే అక్షరాలు. ఈ మూడు మాటలూ మైక్రోసాఫ్ట్ భాషలోవే. వందల యంత్రాలున్న ఆఫీసులో సిస్టమ్స్ చూసే మనిషి గ్రూప్ పాలసీ ఎడిటరులో చేసే పని ఇదే. హోమ్ ఎడిషన్‌లో ఆ ఎడిటరు ఉండదు. అంటే గది ఉంది, తలుపు మాత్రం మనకు పెట్టలేదు. ఈ ప్రోగ్రాము చేసేది ఆ గదిలోకి దారి చూపడమే. విండోస్‌లో ఏ ఫైలునూ కోయకుండా, ఏ సర్వీసునూ నొక్కిపట్టకుండా కంపెనీ సొంత నిబంధనతోనే పని కానివ్వడం వల్లే నాకు దీని మీద నమ్మకం కుదిరింది. మైక్రోసాఫ్ట్ పత్రాల్లో ఈ పాలసీని ప్రో, అంతకంటే పై ఎడిషన్లకు చెప్పినదిగానే చూపుతారు. మా హోమ్ ఎడిషన్ మాత్రం ఏడాదిగా మాట వింటూనే ఉంది. చేయి తిరిగినవారు ఆ మూడు పద్దులనూ చేత్తోనే రాసుకోవచ్చు, తప్పేమీ లేదు. అయితే అక్షరం తప్పు పడితే అక్కడ చెప్పే నాథుడుండడు.

ఒక్క విషయం ముందే తెలిసి ఉంటే కంగారు తప్పుతుంది. సెట్టింగు పడ్డాక విండోస్ అప్‌డేట్ పేజీలో, కొన్ని సెట్టింగులను మీ సంస్థ నిర్వహిస్తోంది అనే అర్థం వచ్చే ఎర్ర అక్షరాల వాక్యం కనబడుతుంది. పెదనాన్నగారు అది చూసి ఎవరో కంప్యూటరులో దూరారనుకుని ప్లగ్గు పీకేశారు. అక్కడ సంస్థ అంటే ఎవరో కాదు, పాలసీ రాసిన మనమే. విండోస్ దృష్టిలో పాలసీ రాసేది ఆఫీసులే కాబట్టి ఆ వాక్యం అలా వస్తుంది. ఇన్‌కంట్రోల్ తెర మీదే ఈ సంగతి రెండు ముక్కల్లో పెద్ద అక్షరాలతో చెప్పి ఉంటే బాగుండేది.

ఏది ఆగుతుంది, ఏది ఆగదు అన్నదానిలో చాలామంది తికమకపడతారు. నెలలో రెండో మంగళవారం, మనకు రాత్రి పొద్దుపోయాక విడుదలయ్యే భద్రతా అప్‌డేట్లు వేరు; ఒక రిలీజ్ నుంచి మరో రిలీజ్‌కు, విండోస్ 10 నుంచి 11కు ఎక్కించే ఫీచర్ అప్‌డేట్లు వేరు. ఇన్‌కంట్రోల్ రెండో రకాన్ని మాత్రమే ఆపుతుంది. మా యంత్రం అప్‌డేట్ హిస్టరీలో ప్రతి నెలా ఒక పద్దు క్రమం తప్పకుండా పడింది. విండోస్ 11 ఆహ్వానపు గడి మాత్రం మళ్లీ కనబడలేదు. విండోస్ 11 వాడుతున్నవారు కూడా తామున్న రిలీజ్ మీదే కొంతకాలం నిలవాలనుకుంటే దీన్నే వాడుకోవచ్చు.

దీనికి ముందు నేను ప్రయత్నించిన ఇతర మార్గాలతో పోల్చితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. నెట్ కనెక్షన్‌ను మీటర్డ్ (వాడకానికి లెక్క ఉన్నది) అని గుర్తుపెట్టడం అందరూ చెప్పే మొదటి చిట్కా. దానివల్ల పెద్ద డౌన్‌లోడ్లు ఆగుతాయి నిజమే, కానీ భద్రతా అప్‌డేట్లు కూడా వెనకబడతాయి. పైగా ఆ గుర్తు ఒక్కో నెట్‌వర్క్‌కు విడిగా ఉంటుంది కాబట్టి రూటరు మార్చిన రోజు మళ్లీ మొదటికొస్తుంది. అప్‌డేట్లకు విరామం ఇచ్చే బటన్ గరిష్ఠంగా 35 రోజులే పనిచేస్తుంది, ఆ తర్వాత పెండింగులో ఉన్నవి తీసుకుంటేగానీ మళ్లీ విరామం దొరకదు. సర్వీసుల జాబితాలోకి వెళ్లి విండోస్ అప్‌డేట్‌నే నిలిపేయడం అన్నిటికంటే చెడ్డ ఉపాయం: ఎలుక దూరుతుందని ఇంటి తలుపులన్నీ ఇటుకలతో కట్టేసుకున్నట్టు ఉంటుంది. అయినా దాన్ని తిరిగి లేపడానికి విండోస్‌లో మెడిక్ అనే మరో సర్వీసు కాచుకుని ఉంటుంది. యంత్రం మొదలయ్యేటప్పుడు తెరుచుకునే బయాస్ సెట్టింగుల్లోకి వెళ్లి టీపీఎంను ఆపేస్తే యంత్రం అనర్హమైపోయి ఆహ్వానమే రాదని ఇంకొందరు చెబుతారు. మాట నిజమే. కానీ డిస్కు ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉన్న యంత్రంలో ఆ పని చేస్తే, మరుసటి బూటులో 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది ఎక్కడ రాసుకున్నామో గుర్తులేని ఇంట్లో ఆ ఉపాయం జోలికి పోకపోవడమే మేలు.

హద్దుల సంగతికి వస్తాను. ఇది గొళ్లెమే, తాళం కాదు. విండోస్ అప్‌డేట్ అనే దారికి మాత్రమే అడ్డం పడుతుంది. ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో విండోస్ 11 తెచ్చి చేత్తో ఎక్కిస్తే ఇది ఆపదు. మా పెదనాన్నగారి పక్కింటివారి లాప్‌టాప్ విషయంలో అదే జరిగింది. కీబోర్డులో రెండు మీటలు పనిచేయడం లేదని ఒక మరమ్మతు దుకాణంలో ఇస్తే, మీటలు బాగుచేసి, అడగని ఉపకారంగా విండోస్ 11 కూడా వేసి, దానికీ కలిపి బిల్లు రాసి ఇచ్చారు. ఆ లాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామే ఉంది. విండోస్ 11కి అది కాగితం మీద కనీస అర్హత, కుర్చీలో కూర్చున్న మనిషికి మాత్రం పరీక్ష. పాత వ్యవస్థకు వెనక్కి వెళ్లే వెసులుబాటు అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల దాకా సెట్టింగుల్లోని రికవరీ పేజీలో ఉంటుంది. వాళ్లకు ఆ సంగతి తెలిసేసరికి మూడు వారాలయింది. అందువల్ల కంప్యూటరు మరమ్మతుకు ఇచ్చేటప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ ముట్టుకోవద్దని రసీదు మీదే రాయించుకోవడం మంచిది. ఏ ప్రోగ్రామూ ఆ పని మన బదులు చేయదు.

రెండో హద్దు కాలానిది. లక్ష్య రిలీజ్‌కు మద్దతు గడువు ముగిసిన 60 రోజుల తర్వాత యంత్రం దానంతట అదే ముందుకు జరుగుతుందని మైక్రోసాఫ్ట్ పత్రాలు చెబుతాయి. కాబట్టి విండోస్ 11లో ఏదో ఒక రిలీజ్ దగ్గర గొళ్లెం వేసి మరిచిపోయేవారు గడువు తేదీని గుర్తుపెట్టుకోవాలి. ఇన్‌కంట్రోల్ ఆ తేదీని చూపదు, గుర్తు చేయదు. దీనికి నేను ఒక మార్కు తగ్గిస్తున్నాను.

విండోస్ 10 వారికి తేదీల వ్యవహారం ఇంకా గట్టిది. 2025 అక్టోబరు 14తో దాని సాధారణ మద్దతు ముగిసింది. ఆ తర్వాత కూడా భద్రతా అప్‌డేట్లు రావాలంటే పొడిగింపు పథకంలో చేరాలి. గృహ వినియోగదారులకు మొదట ప్రకటించిన ప్రకారం అది 2026 అక్టోబరు 13 వరకు ఉంటుంది. చేరడానికి యంత్రం 22హెచ్2 మీద ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కావాలి. సెట్టింగుల బ్యాకప్‌ను ఆ ఖాతాకు జతచేస్తే ఉచితం; లేదంటే 1,000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లో, 30 డాలర్లో చెల్లించాలి. ఒక ఖాతా మీద పది యంత్రాల దాకా చేర్చుకోవచ్చు. పెదనాన్నగారు అప్పటిదాకా ఏ ఖాతా లేకుండా లోకల్ లాగిన్‌తో నెట్టుకొచ్చారు. ఈ ఒక్క విషయంలో ఆయన మెట్టు దిగవలసి వచ్చింది. గొళ్లెం వేసి, పథకంలో చేరకుండా ఊరుకుంటే మాత్రం ఈ ప్రోగ్రాము మేలు కంటే కీడే చేసినట్టవుతుంది. పైకి అంతా ప్రశాంతంగా కనబడుతుంది, భద్రతా లోపాలను పూడ్చే అతుకులు మాత్రం రావు. నెట్ బ్యాంకింగ్ చేసే యంత్రంలో ఆ స్థితి పనికిరాదు.

ప్రచార తెరల విషయంలో కూడా ఎక్కువ ఆశించకూడదు. అప్పుడప్పుడు వచ్చే చిట్కాలు, సలహాలు, సెటప్ పూర్తి చేయమనే తెరలు తగ్గాలంటే సెట్టింగుల్లో సిస్టమ్ కింద నోటిఫికేషన్ల పేజీలో వాటి టిక్కులు విడిగా తీసేయాలి. అది రెండు నిమిషాల పని, ఇన్‌కంట్రోల్ పరిధిలోనిది కాదు. తెర భాష ఇంగ్లీషు ఒక్కటే. బటన్లు రెండే కావడం వల్ల అది పెద్ద ఇబ్బంది కాలేదుగానీ, సహాయ సమాచారమంతా గిబ్సన్ ధోరణిలో సుదీర్ఘమైన ఇంగ్లీషులో ఉంటుంది. చదివే ఓపిక ఉన్నవారికి అది విందే. మిగతావారికి ఇంట్లో ఒక పిల్లో పిల్లాడో సాయం పట్టాలి.

మొత్తంమీద అయిదుకు నాలుగు ఇస్తాను. డబ్బు అడగనందుకో, చిన్నదైనందుకో కాదు; చేస్తానన్న ఒక్క పని చేసి, చెప్పని పనేదీ చేయనందుకు. అప్‌డేట్లను పూర్తిగా ఆపేస్తామని గొప్పగా చెప్పుకునే పెద్ద పెద్ద ప్రోగ్రాములలో నాకు ఈ నిగ్రహం కనబడలేదు.

మొన్న పండక్కి వెళ్లినప్పుడు పెదనాన్నగారి బల్ల ముందున్న క్యాలెండరులో అక్టోబరు 13 చుట్టూ ఎర్ర సిరాతో గీసి ఉంది. అప్పటికి కొత్త డిస్కు వేయించి, ఫైళ్లు రెండు చోట్ల కాపీ తీసి, విండోస్ 11లో పేజ్‌మేకరు, అను ఫాంట్లు వేరే యంత్రం మీద పరీక్షించి చూద్దామని మేమిద్దరం అనుకున్నాం. ఆ తేదీనే మార్పు మొదలుపెడదామా అని అడిగాను. ఆయన క్యాలెండరు వంక మరోసారి చూసి, "మంగళవారం కొత్త పని ఏమిటే? బుధవారం పొద్దున్నే రా" అన్నారు.